తాకట్టుపడిన యిల్లు – అద్దెకిచ్చిన గదులు



సంస్కృతమున 'ఆధి' యను శబ్ద మొకటి కలదు. దానికి తాకట్టు అని ఒక అర్థము, మనోవ్యథ అని మఱియొక అర్థము. అమరకోశమున రెండును చెప్పబడియున్నవి. ముప్పదినాలుగేండ్లు తెలుగు పండితుడుగా పనిచేసితిని. ఇంటివద్ద అమరము చెప్పించుకొనుటకు వచ్చిన బాలురచేత ఈ రెండర్థములను వల్లెవేయించితిని. ఒక్క శబ్దమునకు ఈ రెండర్థము లేల కలిగినవని ఏ బాలుడును నన్ను అడుగలేదు. అడిగినను నేను సరిగా చెప్పియుందునని తోచదు. 2015వ సంవత్సరము జూన్ నెలలో నా యింటి దస్తావేజులను బ్యాంకువారి బల్లమీద ఉంచి, వెలుపలికి వచ్చి, మెట్లమీద చెప్పులు తొడుగుకొనుచుండగా నాకది బోధపడినది.

నా సొంత గొడవను నలుగురు వినునట్లు చెప్పుకొనుట మర్యాదయా యని మొదట సంకోచించితిని. కాని కుమారుని వ్యాపారమునకో, కుమార్తె పెండ్లికో, మనుమని విదేశపు చదువునకో ఇల్లు కుదువబెట్టిన పెద్దలు మన గ్రామములలో ఎందఱున్నారో మీకును తెలియును. వారిలో పలువురి యిండ్లలో సగము గదులు తాళము వేయబడియే యుండును. ఆ తాళములను గుఱించియే నేడు మాటలాడదలచితిని.

మా యిల్లు తెనాలికి దాపున నున్న ఒక చిన్న యూరిలో కలదు. మా తండ్రిగారు కట్టించిన పెంకుటిల్లు. వీధి యరుగు, దాని ననుకొని వీధిగది, నడుమ పెద్ద సావడి, రెండు పడకగదులు, వంటిల్లు, పెరటిలో నూతి ప్రక్కన మఱియొక గది. వీధిగది నా గ్రంథములది. పెరటిగదిలో మా తల్లిగారు తమ కడపటి పండ్రెండేండ్లు గడపిరి. ఆమె పోయిన పిమ్మట అందు పాత మంచములును, ఊరగాయ జాడీలును చేరినవి.

నా కుమారుడు నిజాంపట్నము వైపున చెరువులు కౌలునకు తీసికొని వనామీ రొయ్యలు పెంచెను. మొదటి రెండు పంటలు బాగుగా పండినవి. మమ్ము చెఱచినవి ఆ రెండు పంటలే. మూడవమారు చెరువులను రెట్టింపు చేసెను, మేత అరువు తెచ్చెను. తెల్లమచ్చ తెగులు తగిలినది. ఆ తెగులు తగిలినచో రొయ్య నీటి పైకి తేలి గట్టుదరికి వచ్చును. కొలదిదినములలోనే చెరువంతయు పోవును. నేను చూడబోవునప్పటికి గట్టుపై కాకులు మాత్రమే సంతోషముగా నుండెను. మేతవారు, పిల్ల యిచ్చినవారు, చెరువు యజమాని మా వీధిలోనికి వచ్చుట మొదలిడిరి. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన ప్రైవేటు నోట్లు వేఱుగా బయటపడినవి. వానిలో అధికభాగము తీర్చుటకు నేనును నా కుమారుడును కలిసి సంతకము చేసి, ఇల్లు తాకట్టు పెట్టి, 10 లక్షల రూపాయలు తెచ్చితిమి. మిగిలిన నోట్లకు 2018లో నా పదవీవిరమణనాడు చేతికి వచ్చిన సొమ్ము సరిపోయినది.

అప్పు వివరము వినుడు. నూటికి నెలకు రూపాయి వడ్డీ. పదునైదేండ్ల గడువు. నెలకు 12,002 రూపాయల వాయిదా. నడుమ వడ్డీ కొంత హెచ్చుచు తగ్గుచు వచ్చినదిగాని, లెక్క సుబోధకముగా నుండుటకు మొదటినుండి తుదివఱకు రూపాయి వడ్డీయే యని చెప్పుచున్నాను. రూపాయి వడ్డీ యనిన మన పల్లెలలో ధర్మవడ్డీ యని సంతోషింతుము. ఆ ధర్మమెట్టిదో చూడుడు. మొదటి నెల నేను కట్టిన 12,002 రూపాయలలో 10,000 వడ్డీకే పోయినవి. అసలునకు చేరినవి 2,002 మాత్రమే. పదునాలుగు మాసములు తప్పక కట్టితిని. మొత్తము 1,68,028 రూపాయలు. పిమ్మట బ్యాంకునుండి లెక్కపత్రము తెచ్చి చూచుకొనగా, అసలు తగ్గినది 30,000 రూపాయలైనను లేదు. ఆ కాగితమును రెండుమారులు చదివి, కన్నులద్దములు తుడుచుకొని మూడవమారు చదివితిని. గడువు తుదవఱకు ఇట్లే కట్టినచో 10 లక్షలకుగాను 21 లక్షల 60 వేలు చెల్లింపవలసియుండును. అప్పటికి నాకు డెబ్బదిరెండేండ్లు వచ్చును.

ఆ దినములలోనే మా బంధువొకరు ఒక ఉపాయము తెచ్చిరి. "బ్యాంకు బాకీ నేను తీర్చెదను. ఇల్లు నాకు భోగ్యమునకు వ్రాయుము. నీవు నాకు వడ్డీ ఈయవలదు, నేను నీకు అద్దె ఈయవలదు. నీ చేత సొమ్మున్ననాడు నా పది లక్షలు నాకిచ్చి నీ యిల్లు నీవు తీసికొనుము" అనిరి. ఇది క్రొత్తది కాదు. మన స్మృతికారులే ఆధిని గోప్యమనియు భోగ్యమనియు రెండు విధములుగా విభజించిరి. దాచియుంచునది గోప్యము, అనుభవించునది భోగ్యము. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమునందును భోగ్యపు తాకట్టు ఒక విధముగా చెప్పబడియున్నది. నాకు ఈ యుపాయము నచ్చినది. సాయంకాలము భోజనమునకు కూర్చుండి, స్మృతులతో సహా నా భార్యకు వివరించితిని.

ఆమె విస్తరిలో మజ్జిగ పోయుచు, "ఏమండీ, మఱి మనమెక్కడ ఉందుము?" అని అడిగెను. తెనాలిలో చిన్న వాటా అద్దెకు తీసికొందమంటిని. "ఆయన మన యింటనుండి, వడ్డీకి బదులు అద్దె మిగుల్చుకొనును. మనము వేఱొకరి యింటనుండి అద్దె కట్టుదుము. ఆ అద్దె యేదో మన యింటిమీద మనమే తీసికొనరాదా? వీధిగది యున్నది, పెరటిగది యున్నది" అనెను.

స్మృతులలో నాకు దొరకని సమాధానము అదియే. ఐనను అంగీకరింపలేదు. ఆమె ఈ మాట అనుట అది మొదటిసారియు కాదు. తాకట్టు పెట్టిన నాటినుండియు అనుచునేయున్నది. పంతులుగారి యిల్లు సత్రమైనదని యూరివారు నవ్వుదురని నా వెఱపు. ఇల్లు తాకట్టు పెట్టుటకు రాని సిగ్గు, గది అద్దెకిచ్చుటకు వచ్చినది! తాకట్టు గోప్యముగదా, అద్దె బోర్డు వీధిలో కనబడును. ఈ సిగ్గు పదునాలుగు మాసములు నిలిచినది. తరువాత దాని వెల కట్టి చూచితిని. రెండు గదులకు కలిపి నెలకు 5,000 రూపాయల అద్దె వచ్చుచుండెను. మొదటి నెలనుండియే ఆ 5,000 వాయిదాతో కలిపి కట్టియున్నచో అప్పు తొంబది నెలలలో తీరియుండును. పదునాలుగు మాసములు ఆలసించి మొదలిడుటచే, ఏ యంతరాయము లేకున్నను తొంబదితొమ్మిది నెలలు పట్టును. అధికముగా పోయినది సుమారు 96,000 రూపాయలు. అంత వెలగల ఆభరణము మా యింట నెవరును ఎన్నడును ధరింపలేదు.

సరే, ఇచ్చుటకు నిశ్చయించితిమి. ఇచ్చటనొక విషయము చెప్పవలెను. తాకట్టులోనున్న యింటిని యజమాని తన యిష్టము వచ్చినట్లు అద్దెకీయవచ్చునా? ఆస్తి బదిలీ చట్టమునకు 1929లో ఈ విషయమై 65-ఎ అను సెక్షను చేర్చిరి. ఇల్లు తన స్వాధీనమందున్న తాకట్టుదారుడు దానిని మూడేండ్లకు మించకుండ, న్యాయమైన అద్దెకు, అద్దెను ముందుగా రాబట్టుకొనకుండ ఇయ్యవచ్చునని దాని సారాంశము. కాని దస్తావేజులో దీనికి విరుద్ధమైన షరతున్నచో ఆ షరతే చెల్లును. నా కాగితములను మొదటిసారి సాంతము చదివితిని. సంతకము చేసిననాడు చదువలేదు సుమా! పదునొకండవ పుటలో, బ్యాంకువారి వ్రాతమూలకమైన సమ్మతి లేక అద్దెకీయరాదని యున్నది. అర్జీ వ్రాసితిని. మూడుమారులు తిరిగితిని. సమ్మతిపత్రము వచ్చినది. మీరును మొదట ఈ పుటను వెదకుడు.

తరువాత ఒడంబడిక. ఏడాదికి మించిన అద్దె ఒప్పందము రిజిష్టరు కావలెనని 1908 నాటి రిజిష్ట్రేషను చట్టము చెప్పుచున్నది. అందుచేతనే లోకమున అందఱును పదునొకండు నెలలకు వ్రాసికొందురు. నేనును అట్లే వ్రాయించితిని. అద్దె ఎంత, ఏ తేదీన, కరెంటు ఎవరు కట్టవలెను, ఖాళీ చేయుటకు ఎన్ని దినముల ముందు చెప్పవలెను – ఇవి కాగితముపై నుండవలెను. మాటమీద ఇచ్చినచో ఆ మాట ఆఱునెలలకు ఇద్దఱికిని రెండు విధములుగా జ్ఞాపకముండును.

వీధిగదిలో పాలిటెక్నిక్ చదువు బాలురిద్దఱు చేరిరి, నెలకు 2,800. నా గ్రంథములు సావడిలోని చెక్కబీరువాలకు, మంచముక్రిందకు పోయినవి. పెరటిగదికి 2,200.

అడ్వాన్సు విషయమున నేను చేసిన తప్పు చెప్పెదను. రెండు నెలల అద్దె ముందుగా తీసికొంటిని. దానితో గదులకు సున్నము వేయించి, పెరటిలో కుళాయి పెట్టించి, మిగిలినది ఇంటిఖర్చులలో కలిపితిని. ఎనిమిదవ నెలలో ఆ బాలురిద్దఱును హాస్టలులో సీటు దొరకి వెడలిపోవుచు, అడ్వాన్సు అడిగిరి. నా చేత లేదు! ముప్పదినాలుగేండ్లు బాలురకు నీతి చెప్పినవాడను, ఇద్దఱు బాలురయెదుట తలవంచుకొని వారము గడువు కోరితిని. పొరుగింట చేబదులు తెచ్చి యిచ్చితిని. అడ్వాన్సు మన సొమ్ము కాదు, అదియును మనము పడిన అప్పే. నాటినుండి దానిని వేఱుగ పోస్టాఫీసు పొదుపు ఖాతాలో ఉంచితిని. అద్దె సొమ్మును మాత్రము ఒక్క దినమైనను ఇంటిలో ఉంచలేదు. వచ్చిన నాడే బ్యాంకునకు పోయి అప్పు ఖాతాలో అసలు క్రింద జమకట్టి రసీదు తెచ్చెడివాడను. ఇంటిలో నున్నచో కూరగాయల పాలగును. ముందుగా అప్పు తీర్చినందుకు జరిమానా వేయుదురేమో యని కొందఱు భయపడుదురు. వ్యక్తులు మాఱు వడ్డీపై తీసికొన్న అప్పులకు అట్టి జరిమానా కూడదని రిజర్వు బ్యాంకు 2014లో బ్యాంకులను ఆదేశించినది. ఐనను "ఈ సొమ్ము అసలునకు" అని స్పష్టముగా వ్రాసి యియ్యవలెను.

ఇక పెరటిగది. ఆ గదికై వచ్చినది ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున పనిచేయు నర్సమ్మ. భర్త లేడు. ఆఱేండ్ల కూతురు. వచ్చి అరుగు క్రిందనే నిలిచి, తాను క్రైస్తవురాలనని, కులమిదియని, మేమడుగకముందే చెప్పినది. అప్పటికి మూడిండ్లలో ఆ ప్రశ్నకు సమాధానము చెప్పి తిరిగివచ్చినదట. నేను నా భార్య ముఖమువైపు చూచితిని. నిజము చెప్పవలెనన్న, ఆమె కాదన్నచో నా పని సులభమగునని చూచితిని. అది మా తల్లిగారు మడి కట్టుకొని జపము చేసికొన్న గది. నా భార్య కొంతసేపు ఊరకుండి, "నీళ్లు నూతివద్ద తోడుకొనవలెను, పిల్ల జారిపడకుండ చూచుకొనుము" అనినది. అంతటితో ఒప్పందమైనది. ఆమె నన్ను బాబాయిగారనియు, నా భార్యను పిన్నిగారనియు పిలుచును. మొదటి సంవత్సరము చిన్న చిన్న చిక్కులు లేకపోలేదు. చేపల కూర వాసన ఒకటి. దానికి నా భార్య పెరటి తలుపు మూయుటయే పరిష్కారముగా కనిపెట్టినది.

2020వ సంవత్సరము మార్చి నెలలో లాక్‌డౌన్ వచ్చినది. వీధిగది బాలురు (అప్పటికి వేఱిద్దఱు చేరియుండిరి) పెట్టెలు విడిచి తమ యూళ్లకు పోయిరి. ఎనిమిది నెలలు ఆ గది అద్దె లేదు. వాయిదాలు ఆగవుగదా. ఆఱు నెలలు వాయిదాలు కట్టనక్కఱలేదని రిజర్వు బ్యాంకు వెసులుబాటు ఇచ్చినదని వినగానే ఎంతో ఊరట కలిగినది. కాని కాగితముపై లెక్కవేసి చూచితిని. అప్పటికి నా బాకీ సుమారు 5 లక్షల 91 వేలు. ఆఱు నెలలు కట్టకున్నచో 36,000 రూపాయలకు పైగా వడ్డీ పెరిగి అసలుతో చేరును. గడువు పొడిగింపుగాని మాఫీ కాదు. ఫించను వచ్చుచున్నది గనుక కడుపు కట్టుకొని కట్టితిని. జీతములు నిలిచిపోయినవారికి ఆ వెసులుబాటు ప్రాణదానమే. వారిని నేను తప్పుపట్టను.

ఏప్రిల్ నెలలో వీధివారు ఆఱుగురు మా అరుగు నెదుట దూరదూరముగా నిలిచి, ముక్కులకు గుడ్డలు కట్టుకొని, నర్సమ్మను ఖాళీ చేయింపుమనిరి. ఆమె దినదినము ఆస్పత్రికి పోవుచున్నది, వ్యాధి వీధికెల్ల తెచ్చునని వారి భయము. వారు దుర్జనులు కారు. అందొకడు నా శిష్యుడే. నాకును భయమే. నాకు అరువదిరెండేండ్లు, నా భార్యకు ఉబ్బసము. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున వాస్తు ప్రకరణములో అద్దె యిండ్లను గుఱించి కొన్ని నియమములున్నవి. అద్దె చెల్లించుచున్నవానిని వెడలగొట్టిన యజమానికి పండ్రెండు పణముల దండన. కొట్లాట, దొంగతనము, దౌర్జన్యము మొదలగు కారణములున్నచో దండన లేదు. తనంతట తాను వెడలినవాడు ఏడాది అద్దెలో మిగిలినది ఇచ్చి పోవలెను. ఎన్నడో చదివి మఱచిన ఆ పుట ఆ రాత్రి జ్ఞప్తికి వచ్చినది. రోగులకు శుశ్రూష చేయుట ఆ కారణములలో లేదు.

మఱునాడు వీధివారితో, "ఆమె వెడలదు. కావలసినచో మీరు మా యింటి ముందునుండి నడువకుడు" అంటిని. రెండు నెలలు పాలవాడు కూడ రాలేదు. నర్సమ్మ తానే సాయంకాలము వచ్చి, "బాబాయిగారూ, నేను ఆస్పత్రిలోనే ఉందును, పాపను మాత్రము మీయొద్ద ఉంచుకొందురా?" అని అడిగినది. ఆ పాప నలుబది దినములు మా సావడిలో, నా గ్రంథముల నడుమ పండుకొనినది. అమరకోశము మొదటి కాండములో కొన్ని శ్లోకములు నేర్చినది. 'ఆధి' వద్దకు మాత్రము నేను పోలేదు. అద్దె 2,200 ఆ యెనిమిది నెలలును ఆమె ఒక్కమారును తప్పలేదు.

వీధిగది బాలురలో ఒకడు తరువాత వచ్చి, బాకీ పడిన అద్దెకు అడ్వాన్సు చెల్లు వేసికొని పెట్టె తీసికొనిపోయెను. రెండవవాడు రాలేదు. పొరుగువారిద్దఱి యెదుట తాళము తీసి, వస్తువులకు పట్టిక వ్రాసి, లారీ పార్సిలులో పంపితిని.

2023 నవంబరులో నూటయొకటవ వాయిదాతో అప్పు తీరినది. మొత్తము చెల్లించినది సుమారు 16 లక్షల 23 వేలు. అందు గదుల అద్దె వంతు 4 లక్షల 12 వేలు. మొదటి లెక్క ప్రకారము కట్టవలసినదానికంటె 5 లక్షలకు పైగా మిగిలినది, ఆఱేండ్లకు మించిన కాలము మిగిలినది. నడుమ పెంచిన అద్దెలు ఇంటిపన్నునకు, పెంకులు సరిచేయించుటకు పోయినవి, వానిని లెక్కలో చేర్చలేదు. ఆదాయపుపన్ను లెక్కలలో అద్దెను చూపక తప్పదు. ఇంటిపన్నును, తక్కినదానిలో నూటికి 30 వంతులను తగ్గింతురు గనుక నావంటి ఫించనుదారునకు అది పెద్ద భారము కాలేదు.

గ్రామములలో అద్దెకెవరు వత్తురని మీరడుగవచ్చును. ఉపాధ్యాయులున్నారు, బ్యాంకు గుమాస్తాలున్నారు, ఆస్పత్రి సిబ్బంది యున్నారు. ఆంధ్రప్రదేశమున 2019లో గ్రామ సచివాలయములు ఏర్పడినప్పుడు వేఱు వేఱు ఊళ్లనుండి పడుచువారు వచ్చి గదులకై తిరుగుట నేను చూచితిని. వారికి కావలసినది శుభ్రమైన మరుగుదొడ్డి, వేఱు త్రోవ, నీళ్లు. ఈ మూడింటికి ఖర్చుపెట్టుడు, గోడల రంగునకు కాదు.

ఐతే వాయిదాయే కట్టలేని స్థితిలోనున్నవాడు గది అద్దెను నమ్ముకొనరాదు. తొంబది దినములకు మించి వాయిదా బాకీ పడినచో బ్యాంకువారు దానిని మొండిబాకీగా వ్రాసికొందురు. 2002 నాటి చట్టము ప్రకారము అరువది దినముల నోటీసునిచ్చి, కోర్టులో దావా వేయకయే ఇల్లు స్వాధీనపఱచుకొనగలరు. అట్టివారు, పెరటిదొడ్డిలోనో పొలములోనో కొంత తామే మంచిధరకు అమ్మి అసలు తగ్గించుకొనుట మేలు. వేలమునాడు మన ధర మనము చెప్పలేము. నా కుమారుడు ఇప్పుడు మరల చెరువుల మాట యెత్తుచున్నాడు. దస్తావేజులు ఏ పెట్టెలో నున్నవో వానికి నేను చెప్పలేదు.

ఆ దస్తావేజులను గుఱించి యొక మాట. అప్పు పూర్తిగా తీరిన ముప్పది దినములలో వానిని తిరిగి యియ్యవలెననియు, తమ లోపముచే ఆలసించినచో దినమునకు 5,000 రూపాయల చొప్పున పరిహారమియ్యవలెననియు రిజర్వు బ్యాంకు ఉత్తరువు 2023 డిసెంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. పత్రములను పుటపుట చూచుకొని తీసికొనుడు. రిజిష్ట్రారు కార్యాలయమునందు తాకట్టు నమోదై యున్నచో దాని రద్దును కూడ వ్రాయించి, క్రొత్త యీ.సీ. తీసి చూచుకొనుడు. మా తండ్రిగారి సంతకమున్న మొదటి పత్రమునకు బ్యాంకులో చెదలు పట్టలేదు, అదృష్టము.

నర్సమ్మ పెరటిగదిలోనే యున్నది. ఆమె కూతురు హైస్కూలు దాటినది. వీధిగది ఈ నెలాఖరునకు ఖాళీ యగుచున్నది. అప్పు లేదుగనుక నా గ్రంథములను మరల అందు చేర్చవలెనని నా కోరిక. నా భార్య మాత్రము నిన్నటిదినమున అరుగుమీద నిలిచి, గది చూడవచ్చిన మాస్టారుగారొకరికి అద్దె ఎంతయో చెప్పుచుండెను.